పాత ట్యూబ్ ఆంప్ చెవిలో గుచ్చుతోందా? విప్పే ముందు ఇవి చూడండి



ఈ రోజు ఎపిసోడ్ గిటార్ వాయించేవాళ్ల కోసం. వాయించకపోయినా పర్లేదు, చూడండి. ఎందుకంటే పైకి ఆంప్లిఫయర్ గురించి మాట్లాడుతున్నా, లోపల మాట్లాడేది డీబగ్గింగ్ గురించే. నేను కొన్నేళ్లు సాఫ్ట్‌వేర్‌లో పనిచేశాను కదా, ఆ అలవాటు పోదు.

సమస్య ఏంటంటే, పాత ట్యూబ్ ఆంప్. ఒకప్పుడు తియ్యగా మోగేది. ఇప్పుడు గిటార్ ప్లగ్ చేసి ఒక్క కార్డ్ కొడితే పలక మీద బలపం గీరినట్టు ఉంటుంది. ట్రెబుల్ తగ్గిస్తే మొద్దుగా అయిపోతుంది, పెంచితే చెవిలో సూది. చాలామంది ఇక్కడే విసిగిపోయి చవగ్గా అమ్మేస్తారు. లేదంటే ఎవరో చెప్పారని లోపల పార్టులన్నీ పీకి కొత్తవి వేయించేస్తారు. రెండూ తొందరపాటే.

ఉదాహరణకి ఒకే ఒక ఆంప్ తీసుకుందాం, అప్పుడే క్లియర్‌గా అర్థమవుతుంది. ఫెండర్ డీలక్స్ రివర్బ్. కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో 1963లో మొదలైన మోడల్. దాదాపు 22 వాట్లు, 12 అంగుళాల స్పీకర్ ఒకటి, రెండు 6వీ6 పవర్ ట్యూబ్‌లు. ముందు ప్యానెల్ నల్లగా ఉన్న వాటిని బ్లాక్‌ఫేస్ అంటారు. 1965లో సీబీఎస్ కంపెనీ ఫెండర్‌ని కొనేసింది, తర్వాత కొన్నేళ్లకి ప్యానెల్ వెండి రంగుకి మారింది, వాటిని సిల్వర్‌ఫేస్ అంటారు. డీలక్స్ రివర్బ్ వరకు లోపలి సర్క్యూట్ మాత్రం పెద్దగా మారలేదు. నేను ఈ మధ్య దగ్గరుండి చూసిన ఆంప్ కూడా ఇదే: 1970ల నాటి సిల్వర్‌ఫేస్. మా బ్యాండ్ గిటారిస్ట్ వాళ్ల బాబాయి అమెరికా నుంచి తెచ్చింది. ఒక షాపులో చూపిస్తే "ట్రాన్స్‌ఫార్మర్ పోయింది తమ్ముడూ, ఇంక అమ్మేసుకో" అన్నారట. అతను అమ్మకానికి ఫొటోలు కూడా తీసి పెట్టుకున్నాడు. దాని కథ మధ్యమధ్యలో చెప్తాను.

ముందు ప్రాణం, తర్వాత టోన్

ఇది స్కిప్ చేయకండి ప్లీజ్.

ట్యూబ్ ఆంప్ లోపల 400 వోల్ట్‌ల పైన డీసీ ఉంటుంది. మన ఇంటి సాకెట్‌లో ఉండేది 230. ఇంకో విషయం, ప్లగ్ పీకేసినా లోపలి పెద్ద కెపాసిటర్లు ఆ చార్జ్‌ని పట్టుకునే ఉంటాయి. స్విచ్ ఆఫ్ చేశాం కదా అని చెయ్యి పెడితే ప్రాణం పోవచ్చు. కాబట్టి ఈ ఎపిసోడ్‌లో మీరు చేసే పనులన్నీ చాసీ విప్పకుండా చేసేవే. విప్పాల్సినవి టెక్నీషియన్ పని. మరి అవి మీకెందుకు చెప్తున్నానంటే, ఆయన దగ్గరికెళ్ళి ఏం అడగాలో మీకు తెలియాలి కదా.

అమెరికా నుంచి వచ్చిన ఆంప్ అయితే వెనక ప్యానెల్ మీద ఎన్ని వోల్ట్‌లో చదవండి. 120 వోల్ట్‌లది మన సాకెట్‌లో డైరెక్ట్‌గా పెడితే మాడిపోతుంది. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, ఆంప్ తీసుకునే వాట్ల కంటే బాగా ఎక్కువ రేటింగ్ ఉన్నది. అందులోంచి ఎర్త్ కనెక్షన్ అవతలికి వెళ్తోందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చెక్ చేయించండి. చవక కన్వర్టర్లలో చాలాసార్లు ఎర్త్ అక్కడే ఆగిపోతుంది. ఆంప్‌కి రెండు పిన్నుల పాత ప్లగ్ ఉంటే, టోన్ సంగతి పక్కన పెట్టి ముందు మూడు పిన్నుల కార్డ్ వేయించండి.

ఇంకొకటి. స్పీకర్ కనెక్షన్ పీకేసి ట్యూబ్ ఆంప్‌ని ఎప్పుడూ వాయించకండి. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ నిజంగానే పోతుంది.

రూపాయి ఖర్చు లేని చెక్‌లు

డీబగ్గింగ్‌లో మొదటి రూల్: ఒకసారికి ఒకే మార్పు. కేబుల్, ట్యూబ్, స్పీకర్ మూడూ ఒకేసారి మార్చేస్తే, బాగయినా ఎందుకు బాగయిందో తెలీదు.

ఫోన్ తీయండి. ఆంప్‌కి ఒక మీటర్ దూరంలో ఒకే చోట పెట్టి, ఒకే రిఫ్‌ని రికార్డ్ చేయండి. ప్రతి మార్పుకీ ఒక క్లిప్. మన చెవికి జ్ఞాపకశక్తి తక్కువ, నిమిషం క్రితం విన్న టోన్‌ని కూడా సరిగ్గా గుర్తుపెట్టుకోదు. ఫ్రీ స్పెక్ట్రమ్ అనలైజర్ యాప్ ఉంటే ఇంకా మంచిది. ఫోన్ సౌండ్ లెవెల్‌ని తనంతట తాను సర్దేస్తుంది కాబట్టి ఎంత గట్టిగా ఉంది అన్నది చూడొద్దు, ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర కొండలా లేచింది అన్నదే చూడండి. మన చెవి 2,000 నుంచి 5,000 హెర్ట్జ్ మధ్య చాలా సెన్సిటివ్. గుచ్చేది ఎక్కువగా ఆ ఏరియానే.

మొదటిది, మీరు ఎక్కడ నిల్చున్నారు? 12 అంగుళాల స్పీకర్ బేస్‌ని గది అంతా పంచుతుంది కానీ, దాదాపు 2,000 హెర్ట్జ్ దాటాక ట్రెబుల్‌ని టార్చ్ లైట్‌లా ఎదురుగా మాత్రమే కొడుతుంది. ఆంప్ నేల మీద ఉంటే ఆ టార్చ్ మీ మోకాళ్లకి తగులుతుంది. అదే ఆంప్‌ని కుర్చీ మీద పెట్టి ఎదురుగా కూర్చుంటే మొహానికి తగులుతుంది. ఒక రెండడుగులు పక్కకి జరిగి వినండి. గుచ్చడం సగం పోతే ఆంప్‌కి ఏ జబ్బూ లేదు, మీ కుర్చీ మార్చుకోండి చాలు.

రెండోది, కేబుల్. గిటార్ కేబుల్‌కి మీటర్‌కి దాదాపు 100 పికోఫారడ్‌ల కెపాసిటెన్స్ ఉంటుంది. అది పికప్ నుంచి వచ్చే పై ట్రెబుల్‌ని కొంచెం తినేస్తుంది. 1960ల్లో చుట్టలు చుట్టలుగా ఉండే పొడవాటి కేబుళ్లు వాడేవాళ్లు, ఆ రోజుల్లో ఆంప్‌లు ఆ కేబుళ్లతోనే మోగేవి. ఇప్పుడు మనం ఒక మీటర్ కేబులో, వైర్‌లెస్సో, బఫర్ ఉన్న పెడలో వాడుతున్నాం. తినేవాడు లేడు, ట్రెబుల్ మొత్తం లోపలికి వెళ్తోంది. పెడల్స్ అన్నీ తీసేసి 5, 6 మీటర్ల మామూలు కేబుల్‌తో ఒకసారి ట్రై చేయండి.

మూడోది చాలామందికి తెలియదు. ప్రతి చానెల్‌కి రెండు ఇన్‌పుట్ జాక్‌లు ఉంటాయి, 1, 2 అని. అందరూ 1లోనే పెడతారు. 2లో పెడితే సిగ్నల్ దాదాపు సగానికి తగ్గుతుంది. అంతేకాదు, 1లో ఇన్‌పుట్ ఇంపీడెన్స్ 10 లక్షల ఓమ్‌లు, 2లో దాదాపు 1,36,000. పికప్ మీద భారం పెరిగి ట్రెబుల్ మొన కాస్త మెత్తబడుతుంది. సింగిల్ కాయిల్ గిటార్‌కి ఇది ఫ్రీ మందు.

రెండు చానెళ్లు, ఒక బైనరీ సెర్చ్

ఇప్పుడు అసలు ట్రిక్. డీలక్స్ రివర్బ్‌లో నార్మల్, వైబ్రాటో అని రెండు చానెళ్లు ఉంటాయి. రెండింటికీ ముందు భాగం వేరు వేరు. చివర్లో రెండూ కలిసి ఒకే పవర్ సెక్షన్‌లోకి, ఒకే స్పీకర్‌లోకి వెళ్తాయి. అంటే కోడ్‌లో రెండు ఫంక్షన్లు ఒకే లైబ్రరీని పిలిచినట్టు.

వైబ్రాటోలో మాత్రమే గుచ్చుతూ నార్మల్ బాగుంటే, సమస్య వైబ్రాటో ముందు భాగంలో ఉంది. రెండింట్లోనూ ఒకేలా గుచ్చితే, కామన్ ఏరియా మీద అనుమానం పెట్టుకోవాలి: పవర్ ట్యూబ్‌లు, పవర్ సప్లై, స్పీకర్. లేదంటే రెండు చానెళ్లలోనూ ఒకే వయసు పార్టులు ఒకేలా ముసలివైపోయి ఉండాలి. ఈ రెండో అవకాశాన్ని గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో పనికొస్తుంది.

వైబ్రాటోలో మాత్రమే అయితే మొదటి అనుమానితుడు బ్రైట్ కెపాసిటర్. 47 పికోఫారడ్‌లు, వాల్యూమ్ కంట్రోల్ మీద అడ్డంగా కట్టేసి ఉంటుంది. ట్విన్ రివర్బ్‌లో అయితే దీనికి స్విచ్ ఉంటుంది, ఆఫ్ చేసుకోవచ్చు. డీలక్స్ రివర్బ్‌లో స్విచ్ లేదు, ఎప్పుడూ ఆన్‌లోనే.

ఇది ఏం చేస్తుందో మన హైదరాబాద్ భాషలో చెప్తాను. వాల్యూమ్ కంట్రోల్ అంటే సిటీ మధ్యలో ట్రాఫిక్. తక్కువ వాల్యూమ్ అంటే ఫుల్ జామ్, ఏ బండీ కదలదు. బ్రైట్ కెపాసిటర్ అంటే ఔటర్ రింగ్ రోడ్డు. కానీ దాని మీదకి ట్రెబుల్ అనే కార్లకే పర్మిషన్. దాదాపు 3,500 హెర్ట్జ్ పైన ఉన్న సిగ్నల్ సిటీలోకి రాకుండా ఔటర్ ఎక్కి జామ్ తప్పించుకుని వెళ్లిపోతుంది. బేస్, మిడ్ మాత్రం జామ్‌లో ఇరుక్కుంటాయి. అందుకే వాల్యూమ్ 2 దగ్గర పెట్టినప్పుడు ట్రెబుల్ ఒక్కటే బయటికొచ్చి చెవి కోస్తుంది. వాల్యూమ్ పెంచేకొద్దీ సిటీలో రోడ్డు ఖాళీ అవుతుంది, అందరూ సమానంగా వస్తారు. 10 దగ్గర ఔటర్ ఉన్నా లేనట్టే.

కాబట్టి టెస్ట్ సింపుల్. వాల్యూమ్ 2 దగ్గర ఒక క్లిప్, 5 దగ్గర ఇంకో క్లిప్. 5 దగ్గర టోన్ నిండుగా మారితే దొంగ దొరికాడు. అపార్ట్‌మెంట్‌లో 5 పెడితే పక్కింటి ఆంటీ వస్తుంది, నిజమే. తక్కువ వాల్యూమ్‌లోనే వాయించుకునేవాళ్లు ఆ కెపాసిటర్ ఒక కాలు విప్పించుకోవచ్చు. టెక్నీషియన్‌కి ఐదు నిమిషాల పని, మళ్లీ కావాలంటే అతికించుకోవచ్చు. ఒకటి గమనించండి, ఇది ముసలితనం వల్ల వచ్చే జబ్బు కాదు, ఆంప్ పుట్టుకే అలాంటిది.

మా గిటారిస్ట్ ఆంప్‌లో ఈ టెస్ట్ చేశాం. వాల్యూమ్ పెంచితే కాస్త మెరుగైంది కానీ, బ్రైట్ కెపాసిటర్ లేని నార్మల్ చానెల్ కూడా పలచగానే ఉంది. అంటే ఇంకేదో ఉంది.

ట్యూబ్‌లు: చిన్నవి మీరు, పెద్దవి టెక్నీషియన్

మన తాతల ఇళ్లలో వాల్వ్ రేడియో ఉండేది గుర్తుందా? ఆన్ చేశాక వేడెక్కి, కాసేపటికి మాట్లాడేది. ట్యూబ్, వాల్వ్ రెండూ ఒకటే. ఈ ఆంప్‌లో చిన్న ప్రీఆంప్ ట్యూబ్‌లు ఆరు: నాలుగు 12ఏఎక్స్7, రెండు 12ఏటీ7.

చూడటానికి రెండు రకాలూ కవల పిల్లల్లా ఉంటాయి, గాజు మీద అక్షరాలు మాత్రమే తేడా. కానీ 12ఏఎక్స్7 ఆంప్లిఫికేషన్ ఫ్యాక్టర్ 100, 12ఏటీ7ది 60. పవర్ ట్యూబ్‌ల పక్కనే ఉండే ఫేజ్ ఇన్వర్టర్‌లో 12ఏటీ7 ఉండాలి. పాత ఓనర్ ఎవరో అక్కడ 12ఏఎక్స్7 పెట్టేసి ఉంటే గెయిన్ పెరిగి, ఆంప్ త్వరగా గరగరలాడుతుంది. క్యాబినెట్ లోపల అతికించిన ట్యూబ్ చార్ట్ కాగితం ఉంటే దానితో పోల్చి చూసుకోండి.

ఆంప్ ఆన్‌లో ఉండగా, వెనక నుంచి చెక్క పెన్సిల్‌తో ఒక్కో చిన్న ట్యూబ్‌ని మెల్లగా తట్టండి. కొంచెం టక్ టక్ రావడం మామూలే. స్టీలు గ్లాసు మోగినట్టు ఖంగుమంటే అది మైక్రోఫోనిక్ అయింది, మార్చాలి. మార్చేటప్పుడు ఆఫ్ చేసి, చల్లారాక, ఒక్కొక్కటే. ప్రీఆంప్ ట్యూబ్‌లకి బయస్ సెట్ చేయక్కర్లేదు.

పవర్ ట్యూబ్‌లు అలా కాదు. 6వీ6లు మార్చిన ప్రతిసారీ బయస్ చూడాలి. బయస్ అంటే సిగ్నల్ లేనప్పుడు ట్యూబ్‌లో ఎంత కరెంట్ పారాలి అన్న సెట్టింగ్, బండికి ఐడిలింగ్ లాగా. ఈ ఆంప్‌లో రెండు 6వీ6లు పని పంచుకుంటాయి: తరంగంలో పై సగం ఒకటి, కింది సగం ఇంకొకటి. ఐడిలింగ్ మరీ తక్కువైతే, ఒకటి వదిలేసే చోట ఇంకొకటి అందుకోదు. మధ్యలో చిన్న గ్యాప్ వస్తుంది. దీన్నే క్రాసోవర్ డిస్టార్షన్ అంటారు. వినడానికి ఎలా ఉంటుందంటే, నోటు చివర్లో మెల్లగా తగ్గుతున్నప్పుడు ఇసక కాగితం రుద్దినట్టు. గట్టిగా కొట్టినప్పుడు కంటే మెల్లగా వాయించినప్పుడే ఎక్కువ తెలుస్తుంది. అదే దాని గుర్తు.

లెక్క కూడా చూద్దాం. పాత స్పెక్ ప్రకారం 6వీ6జీటీ ప్లేట్ తట్టుకునేది 12 వాట్లు. అందులో 70 శాతం అంటే 8.4 వాట్లు. ప్లేట్ మీద 415 వోల్ట్‌లు ఉంటే, 8.4ని 415తో భాగిస్తే దాదాపు 20 మిల్లీఆంప్‌లు. టెక్నీషియన్ "బయస్ చూశాను, బాగానే ఉంది" అంటే, "ఎన్ని మిల్లీఆంప్‌లు వచ్చింది అన్నా?" అని అడగండి. నంబర్ చెప్పగలిగితే ఆయన నిజంగా చూసినట్టు.

కెపాసిటర్లు: ఎండిపోయిన చెరువులు

ఇక ముసలితనం సంగతి. ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ లోపల తడి ఉంటుంది. 40, 50 ఏళ్లకి అది ఎండిపోతుంది. వాడకపోయినా ఎండుతుంది.

పవర్ సప్లైలోని పెద్ద ఫిల్టర్ కెపాసిటర్లు ఎండితే బేస్ వదులైపోతుంది, హమ్ పెరుగుతుంది. మన కరెంట్ 50 హెర్ట్జ్ కాబట్టి ఆ హమ్ 100 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది, స్పెక్ట్రమ్ యాప్‌లో కనిపిస్తుంది. పై ఫ్రెట్‌లలో ఒక నోటు కొడితే దాని కింద శ్రుతి కలవని ఇంకో దయ్యం నోటు వినిపిస్తే, వీళ్ల మీదే అనుమానం.

కానీ బ్రైట్ టోన్ విషయంలో అందరూ మర్చిపోయే చిన్నవాళ్లు ఉన్నారు: కాథోడ్ బైపాస్ కెపాసిటర్లు. 25 మైక్రోఫారడ్‌లు, 25 వోల్ట్‌లు. ప్రీఆంప్ ట్యూబ్ బేస్‌ని కూడా పూర్తి గెయిన్‌తో పెంచేలా చూడటం వీటి పని. ఇది ఎండిపోయి 1 మైక్రోఫారడ్ దగ్గరికి పడిపోతే, దాదాపు 200 హెర్ట్జ్ కింద గెయిన్ తగ్గడం మొదలై దాదాపు సగానికి వస్తుంది. గిటార్ లావు తీగ 82 హెర్ట్జ్, దాని పక్కది 110. అంటే సరిగ్గా గిటార్ ఒంట్లో కండ ఉన్న చోటే కోత. ఒక్కో చానెల్‌లో ఇలాంటి స్టేజ్‌లు ఒకదాని వెనక ఒకటి ఉంటాయి, కోత మీద కోత.

సరదా విషయం ఏంటంటే, మార్షల్ కంపెనీ తన ప్లెక్సీ ఆంప్‌ల బ్రైట్ చానెల్‌లో కావాలనే 0.68 మైక్రోఫారడ్ వేసింది, బేస్ తగ్గించి టోన్ పదునుగా రావాలని. మన ఫెండర్‌లో ఆ పని వయసు చేసేసింది, మనం అడక్కుండానే. ఇక్కడ అర్థం చేసుకోవాల్సింది ఇదే: చాలాసార్లు ట్రెబుల్ పెరగలేదు, బేస్ చచ్చిపోయింది. కూరలో ఉప్పు తగ్గితే కారం ఎక్కువైనట్టు అనిపిస్తుంది చూడండి, అలా. అందుకే ట్రెబుల్ నాబ్ ఎంత తిప్పినా సెట్ అవ్వదు.

టెక్నీషియన్‌తో చెక్ చేయించాల్సినవి ఇంకో రెండున్నాయి. ఒకటి, నెగటివ్ ఫీడ్‌బ్యాక్ లైన్. స్పీకర్ దగ్గర నుంచి కొంచెం సిగ్నల్ వెనక్కి పంపి ఆంప్‌ని అదుపులో పెట్టే తీగ. దాని సోల్డర్ ఊడితే ఆంప్ ఉన్నట్టుండి గట్టిగా, మొరటుగా అయిపోతుంది. రెండోది, ప్యారసైటిక్ ఆసిలేషన్. ట్రెబుల్ ఒక పాయింట్ దాటగానే సడెన్‌గా బుస్సుమనే గరుకు వస్తే, మన చెవికి అందనంత పై ఫ్రీక్వెన్సీలో ఆంప్ తనలో తాను అరుచుకుంటోందన్నమాట. దీనికి ఆసిలోస్కోప్ కావాలి.

స్పీకర్‌ని వదిలేయకండి

ఆంప్ పాతదే, స్పీకర్ మాత్రం ఎవరో ఎప్పుడో మార్చి ఉండొచ్చు. కొత్త స్పీకర్ కోన్ బిగుసుగా ఉంటుంది, కొన్నాళ్లు వాయిస్తే గానీ మెత్తబడదు. టెస్ట్ ఏంటంటే, ఫ్రెండ్ దగ్గర 8 ఓమ్‌ల వేరే క్యాబినెట్ ఉంటే, ఆంప్ ఆఫ్ చేసి, దానికి కలిపి, మళ్లీ ఆన్ చేసి వినండి. గుచ్చడం పోతే స్పీకర్‌దే తప్పు.

చివరికి దొరికిందేంటి?

మా గిటారిస్ట్ ఆంప్‌ని పాత వాల్వ్ రేడియోలు రిపేర్ చేసే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాం. అనుభవం ఉన్న చెయ్యి. మా క్లిప్‌లు వినిపించి, రెండు కంప్లయింట్లు విడివిడిగా చెప్పాం: ఒకటి, రెండు చానెళ్లూ పలచగా ఉన్నాయి. రెండు, నోటు చివర్లో ఇసక. ఆయన కాథోడ్ కెపాసిటర్లు తీసి కొలిస్తే 25 అని రాసి ఉన్న వాటిలో 1 కూడా చూపించట్లేదు. బయస్ కొలిస్తే ఒక్కో ట్యూబ్‌లో 9 మిల్లీఆంప్‌లు. ఏడాది కింద ఎవరో కొత్త 6వీ6లు పెట్టి బయస్ ముట్టుకోకుండా ఇచ్చేశారు. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ నిక్షేపంలా ఉంది.

చిన్న కెపాసిటర్లు మార్చారు, వయసు చూసి ఫిల్టర్ కెపాసిటర్లు కూడా కొత్తవి వేశారు, బయస్ సెట్ చేశారు. ఇలాంటి పార్టుల కోసం మన దగ్గర కోఠి గుజరాతీ గల్లీ, చెన్నైలో రిచీ స్ట్రీట్, బెంగళూరులో ఎస్‌పీ రోడ్ ఉన్నాయి. కొనేటప్పుడు విలువతో పాటు వోల్టేజ్ రేటింగ్ కూడా సరిపోవాలి, తక్కువది అస్సలు వద్దు. బ్రైట్ కెపాసిటర్ మాత్రం అలాగే ఉంచమన్నాం. అమ్మకం ఫొటోలు అతను డిలీట్ చేసేశాడు.

రిపేర్‌కి ఇచ్చేటప్పుడు రెండు మాటలు ముందే చెప్పండి. ఒకటి, "తీసిన పాత పార్టులు అన్నీ నాకు కవర్‌లో వేసి ఇవ్వండి". పాత ఆంప్ విలువలో అవి కూడా భాగమే. రెండు, "కొలవకుండా ఏదీ మార్చొద్దు". చెడిపోని నీలం, బ్రౌన్ సిగ్నల్ కెపాసిటర్లని కొత్తదనం కోసం పీకించకండి.

సో, స్క్రీన్‌షాట్ తీసుకునేవాళ్ల కోసం ఆర్డర్ మళ్లీ ఒకసారి. మీరు నిల్చునే చోటు, కేబుల్, ఇన్‌పుట్ 2, రెండు చానెళ్ల పోలిక, వాల్యూమ్ 2 వర్సెస్ 5, పెన్సిల్ టెస్ట్, వేరే స్పీకర్. ఇవన్నీ మీవి, ఖర్చు సున్నా. ఆ తర్వాత బయస్, కెపాసిటర్లు, ఫీడ్‌బ్యాక్, ఆసిలేషన్. ఇవి టెక్నీషియన్‌వి.

ఇంట్లో మూలన దుప్పటి కప్పుకుని కూర్చున్న ఆంప్ ఉంటే, ఈ వారం మొదటి ఏడు చెక్‌లు చేసి క్లిప్‌లు దాచుకోండి. చాసీ మాత్రం విప్పకండి, ఇది నా రిక్వెస్ట్. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. అప్పటిదాకా వాయిస్తూ ఉండండి, చెవులు జాగ్రత్త!